పెనం మీద రొయ్యలు: అరగంటలో రాత్రి భోజనానికి సరైన వరుస ఏది?

సాయంత్రంవంట (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. పని ముగించుకుని ఇల్లు చేరిన తరువాత అరగంటలో ఇద్దరికి భోజనం సిద్ధం కావాలన్నది నా అవసరం. ఓవెన్ లేదు. ఒక పొయ్యి, వెడల్పాటి పెనం, ఫ్రీజర్‌లో ఒలిచిన పచ్చి రొయ్యల పొట్లం మాత్రమే ఉన్నాయి. రొయ్యలు నాలుగు నిమిషాల్లో అయిపోతాయని అందరూ రాస్తారు గాని, పెనంలో వేయగానే ఊరే నీటి గురించీ, ఆ నీరు ఇగిరేలోపు రొయ్య గట్టిపడిపోవడం గురించీ వివరంగా రాసేవారు తక్కువ. మసాలాల పట్టిక నాకు అక్కరలేదు. ఫ్రీజర్‌లోంచి తీసింది మొదలు పళ్ళెంలో పెట్టేదాకా ఏది ముందు చేయాలి, ఏది తరువాత చేయాలి, ఎందుకు అలా చేయాలి అన్నది కారణాలతో సహా తెలిసినవారు చెప్పగోరుతున్నాను.

వేడిపెనం

సాయంత్రంవంట గారూ, మీరడిగిన వరుసలో అన్నిటికంటే ముఖ్యమైన పని పొయ్యి వెలిగించక ముందే ముగిసిపోతుంది. తడి రొయ్యను ఏ పెనమూ వేయించలేదు, ఉడకబెట్టగలదు, అంతే. ఒక గ్రాము నీటిని 0 నుంచి 100 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేయడానికి సుమారు 420 జౌళ్ళ శక్తి చాలుతుంది. అదే నీటిని ఆవిరి చేయడానికి దాదాపు 2,260 జౌళ్ళు, అంటే ఐదు రెట్లకు పైగా కావాలి. పెనం ఎంత కాగినా ఆ వేడంతా రొయ్య పైనున్న తడిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. తడి ఉన్నంతసేపూ రొయ్య పైభాగం 100 డిగ్రీలు దాటదు. వేయించిన పదార్థానికి వచ్చే గోధుమ రంగూ కమ్మని వాసనా 1912లో లూయీ కమీ మయార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వివరించిన చర్య వల్ల కలుగుతాయి. ఆ చర్య చురుకందుకోవాలంటే ఇంచుమించు 140 డిగ్రీలు కావాలి. పైభాగం అక్కడికి చేరేలోపు లోపలి కండ ఉడకవలసిన దానికంటే ఎక్కువ ఉడికిపోతుంది.

అందువల్ల పొట్లాన్ని ముందు రాత్రే ఫ్రిజ్‌లోకి మార్చి, కింద ఒక గిన్నె ఉంచండి. మరిచిపోయిన రోజున రొయ్యలను నీరు చొరబడని సంచిలో మూతి బిగించి చన్నీళ్ళలో ముంచితే, అరకిలో వరకు 20 నుంచి 30 నిమిషాల్లో మంచు వీడుతుంది; నడుమ ఒకసారి నీళ్ళు మార్చాలి. మీ అరగంటను ఈ పనే మింగేస్తుంది కాబట్టి నా ఓటు ఫ్రిజ్ పద్ధతికే. వేడి నీళ్ళు మాత్రం పోయవద్దు. పైపొర ఉడకడం మొదలై, నడుమ మంచుగడ్డ అలాగే మిగులుతుంది. మంచు వీడిన రొయ్యలను చిల్లుల గిన్నెలో వార్చి, పొడిగుడ్డ మీదనో వంటగది కాగితం మీదనో ఒక వరుసగా పరిచి, పైన మరొకటి కప్పి అరచేత్తో మెల్లగా అదమాలి. మొదటి కాగితం తడిసిపోతే రెండోది వాడండి. ఈ ఒక్క పనీ శ్రద్ధగా చేసినవారికి మిగిలిన సలహాల్లో సగం అవసరమే ఉండదు.

లెక్కలమనిషి

వేడిపెనం గారు చెప్పినదానికి పరిమాణాల సంగతి చేరుస్తాను, ఎందుకంటే సైజు తెలియకుండా నిమిషాలు చెప్పడంలో అర్థం లేదు. చాలా పొట్లాల మీద 16/20, 26/30, 31/40 వంటి అంకెలు ఉంటాయి. ఒక పౌనుకు, అంటే 454 గ్రాములకు, ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ అంకెలు తెలుపుతాయి. 16/20 అంటే ఒక్కొక్కటి సుమారు 23 నుంచి 28 గ్రాములు, 26/30 అంటే 15 నుంచి 17 గ్రాములు, 31/40 అంటే 11 నుంచి 15 గ్రాములు. అంకె పెరిగేకొద్దీ రొయ్య చిన్నదవుతుంది. ‘జంబో’, ‘లార్జ్’ వంటి పేర్లకు అన్నిచోట్లా ఒకే అర్థం లేదు గనుక వాటిని నమ్మకండి, అంకెనే చూడండి.

పెనం మీద త్వరగా వండేవారికి 21/25 గాని 26/30 గాని అనువైనవని నా అభిప్రాయం. అంతకంటే చిన్నవైతే పైన రంగు తిరిగేలోపే లోపల ఉడికిపోతాయి. మరీ పెద్దవైతే బయట మాడే సమయానికి నడుమ పచ్చిగా ఉంటుంది. ఒలిచినవైతే మనిషికి 125 నుంచి 150 గ్రాములు చాలు. తలతో ఉన్నవి కొంటే, తలా పొట్టూ పోగా సగం కంటే కాస్త ఎక్కువ మాత్రమే మిగులుతుందని గుర్తుంచుకోండి. మంచు పూత వేసిన పొట్లాల్లో ఆ పూత బరువును మినహాయించిన నికర బరువు ఎంతో చూడాలి. 30 సెంటీమీటర్ల పెనంలో పావుకిలో రొయ్యలు ఒకదానికొకటి తగలకుండా పరచుకుంటాయి. అరకిలో ఒకేసారి వేస్తే పెనం చల్లబడి నీరూరుతుంది. అప్పుడు గుడ్డతో అద్దిన శ్రమంతా వృథా అవుతుంది.

సాయంత్రంవంట

ఇద్దరికీ ధన్యవాదాలు. నా దగ్గరున్నది 31/40 పొట్లం. దాని మీద పదార్థాల జాబితాలో రొయ్యలు, ఉప్పు, ‘ఇ 451’ అని ఉంది. అదేమిటి? దాని వల్లే నీరు ఎక్కువగా ఊరుతోందా? రొయ్యలకు వంటసోడా పట్టించమని కొందరు రాస్తుంటారు, అది అవసరమా?

పాళ్ళు

ఇ 451 అంటే ట్రైఫాస్ఫేట్లు. రొయ్యల విషయంలో సాధారణంగా సోడియం ట్రైపాలీఫాస్ఫేట్ వాడతారు. మాంసకృత్తులు నీటిని పట్టి ఉంచే శక్తిని అది పెంచుతుంది. గడ్డకట్టి కరిగేటప్పుడు రొయ్యలోని సహజమైన నీరు కారిపోకుండా కాపాడడం దాని మేలు; మోతాదు మించి నానబెడితే రొయ్య అదనపు నీటిని తాగి బరువు పెరగడం దాని కీడు. ఆ అదనపు నీరే వేడి తగలగానే పెనంలోకి వస్తుంది. కాబట్టి మీ అనుమానం సహేతుకమే. జాబితాలో రొయ్యలు తప్ప మరేమీ లేని పొట్లం, లేదా రొయ్యలూ ఉప్పూ మాత్రమే ఉన్న పొట్లం దొరికితే అదే ఎంచుకోండి.

వంటసోడా పని కూడా ఇంచుమించు అదే దారిలో సాగుతుంది. రొయ్య పైపొరలో క్షారగుణం పెరగడంతో మాంసకృత్తులు వేడికి మరీ దగ్గరగా బిగుసుకోవు. నీరు లోపలే నిలిచి, కొరికినప్పుడు కండ బిగువుగా, రసంతో ఉంటుంది. క్షారగుణం వల్ల రంగు తిరగడమూ త్వరపడుతుంది. అరకిలో ఒలిచిన రొయ్యలకు అర చెంచా సోడా, ఒక చెంచా ఉప్పు కలిపి 15 నుంచి 30 నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచితే సరిపోతుంది. చెంచా అంటే 5 మిల్లీలీటర్ల చెంచా. అయితే మీ పొట్లంలో ఫాస్ఫేటు ముందే ఉంది గనుక దానికి సోడా కలపనవసరం లేదు, ఉప్పు కూడా రుచి చూసిన తరువాతే వేయండి.

ఉప్పురాయి

సోడా విషయంలో పాళ్ళు గారితో నేను ఏకీభవించలేను. రొయ్య రుచిలో మనకు నచ్చేది దాని సన్నని తీపి. ఆ తీపి కండలో స్వేచ్ఛగా ఉండే గ్లైసిన్ వంటి అమైనో ఆమ్లాల వల్ల వస్తుంది. సోడా కాస్త ఎక్కువైనా ఆ తీపి మీద సబ్బు రుచి కమ్ముతుంది, కండ జారుడుగా తయారవుతుంది. చెంచా పాళ్ళు చూసుకోకుండా చేతి అందాజుతో వండే ఇళ్ళలో ఈ ప్రమాదం ఎక్కువ. ఉప్పు ఒక్కటే పట్టించి పావుగంట ఆగితే, అది పైపొర మాంసకృత్తులను కొంత కరిగించి నీరు నిలిచేలా చేస్తుంది. ఆ తరువాత తుడిచి వేయిస్తే చాలు. మంచి రొయ్యను సరైన సమయంలో దింపగలిగినవారికి సోడాతో పని లేదు, దింపలేనివారిని సోడా కాపాడదు.

పాళ్ళు

చివరి వాక్యం వినసొంపుగా ఉంది గాని పూర్తిగా నిజం కాదు. సోడా పట్టించిన రొయ్య ఒక అర నిమిషం ఎక్కువ ఉడికినా తట్టుకుంటుంది. పనుల హడావుడిలో వండేవారికి ఆ అర నిమిషం చిన్న విషయం కాదు. కొలిచి వేయాలన్న మాటను మాత్రం ఒప్పుకుంటాను.

ఇంగితం

ఇక దింపే వేళ గురించి. రంగు మారగానే దింపమని చెప్పే సలహా సగం మాత్రమే పనికొస్తుంది. పచ్చి రొయ్యలో అస్టాజాంథిన్ అనే ఎర్రని వర్ణకం మాంసకృత్తులతో ముడిపడి ఉండడం వల్ల నీలి బూడిద రంగులో కనబడుతుంది. వేడికి ఆ మాంసకృత్తులు విచ్చుకోగానే వర్ణకం విడుదలై నారింజ ఎరుపు బయటపడుతుంది. ఇది ముందుగా పైపొరలో జరుగుతుంది. కాబట్టి పైన ఎరుపు కనిపించినంత మాత్రాన లోపల ఉడికినట్టు సాక్ష్యం లేదు.

అర్ధచంద్రాకారంలో వంగితే ఉడికినట్టు, సున్నాలా చుట్టుకుంటే మించిపోయినట్టు అన్న గుర్తు కూడా బాగా ప్రచారంలో ఉంది. పొట్ట వైపు కండ బిగుసుకుంటే రొయ్య వంగుతుందన్నది నిజమే. అయితే పేగు తీయడానికి వీపును లోతుగా చీల్చిన రొయ్య తక్కువ వేడికే ఎక్కువగా ముడుచుకుంటుంది, పుల్లకు గుచ్చినదైతే ఎంత ఉడికినా వంగదు. ఆకారం కంటే నమ్మదగినది, తల ఉండే వైపున్న లావు భాగం. అక్కడ వీపు చీలికను అట్లకాడ అంచుతో కొంచెం తెరిచి చూస్తే, గాజులా ఉన్న కండ ముత్యపు తెలుపుకు మారి ఉండాలి. గాజుతనం నడుమ సన్నని గీతలా మిగిలిన క్షణంలో పెనం నుంచి తీసేస్తే, మిగిలినది లోపలి వేడికే పూర్తవుతుంది. సన్నని మొన ఉన్న ఆహార థర్మామీటరు ఉంటే సందేహమే ఉండదు: సముద్రపు ఆహారానికి ఆరోగ్య సంస్థలు సూచించే 63 డిగ్రీల సెల్సియస్‌ను లావు భాగం చేరితే చాలు. గర్భిణులకూ వృద్ధులకూ రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవారికీ వండేటప్పుడు ఆ సంఖ్య విషయంలో రాజీ పడకండి.

సాయంత్రంవంట

ఇప్పుడు అసలు పెనం దగ్గరికి వద్దాం. వెల్లుల్లి ముందు వేస్తే మాడిపోతుంది, చివర వేస్తే పచ్చివాసన వస్తుంది. వెన్న ఎప్పుడు వేయాలో కూడా ఒక్కొక్కరు ఒక్కో విధంగా చెబుతున్నారు.

వేడిపెనం

పెనాన్ని మధ్యస్థం కంటే కాస్త పెద్ద మంట మీద రెండు నిమిషాలు కాగనివ్వండి. ఉక్కు పెనమైనా ఇనుప పెనమైనా మంచిదే. నాన్‌స్టిక్ అయితే ఖాళీగా పెద్ద మంట మీద వదలవద్దు, ఎందుకంటే 260 డిగ్రీలు దాటితే దాని పూత చెడడం మొదలవుతుంది. వాసన లేని నూనె ఒక పెద్ద చెంచాడు వేసి, అది పలచబడి అలలుగా మెరిసినప్పుడు రొయ్యలను ఒక్కొక్కటిగా పరచండి. పరచిన తరువాత కదపకండి. కలియబెడుతూ ఉండాలన్న కోరికను అణచుకోవడం ఈ వంటలో అన్నిటికంటే కష్టమైన పని. మీ 31/40 రొయ్యలకు మొదటి వైపు ఒక నిమిషం, తిప్పిన తరువాత అర నిమిషం నుంచి ముప్పావు నిమిషం. 26/30 అయితే మొదటి వైపు నిమిషంన్నర, రెండో వైపు ఒక నిమిషం. ఇవి దిక్సూచి కోసం చెప్పిన సమయాలు; అసలు తీర్పు ఇంగితం గారు చెప్పిన గుర్తుదే. వేసిన క్రమంలోనే తిప్పి, అదే క్రమంలో పళ్ళెంలోకి తీసేయండి.

వెల్లుల్లి వంతు రొయ్యలు బయటికి వచ్చిన తరువాతే. మంటను బాగా తగ్గించి, పెనం అడుగున మిగిలిన నూనెలో సన్నని వెల్లుల్లి ముక్కలూ, కావాలంటే ఎండుమిరప తునకలూ వేసి అర నిమిషం కలియబెట్టండి. ముక్కల అంచులు బంగారు రంగు తిరగకముందే నాలుగు పెద్ద చెంచాల నీళ్ళు పోసి, అడుగున అంటిన గోధుమ రంగు మడ్డిని అట్లకాడతో గీకండి. రుచంతా ఆ మడ్డిలోనే ఉంది. నీళ్ళు సగానికి ఇగిరాక పొయ్యి ఆర్పి, ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లని వెన్న 20 గ్రాములు ముక్కలుగా వేసి పెనాన్ని తిప్పుతూ కరిగించండి. వెన్నలో సుమారు 80 శాతం కొవ్వు, మిగిలిన దానిలో ఎక్కువ భాగం నీరు. మెల్లగా కరిగితే అవి రెండూ విడిపోకుండా చిక్కని రసమవుతాయి, సలసల మరిగిస్తే నూనె పైకి తేలిపోతుంది. అదే వెన్నను మొదట్లోనే పెద్ద మంట మీద వేస్తే అందులోని పాల ఘనపదార్థాలు మాడి చేదెక్కుతాయి. చివరగా రొయ్యలనూ పళ్ళెంలో ఊరిన రసాన్నీ తిరిగి పెనంలో వేసి, నిమ్మరసం పిండి, మిరియాల పొడి చల్లితే పని పూర్తవుతుంది. అన్నమో నూడుల్సో రొట్టెముక్కలో ముందే సిద్ధం చేసుకోండి, ఎందుకంటే రొయ్యలు పెనం దిగాక ఆగవు.

పెంకుపక్షం

ఇంతసేపూ అందరూ ఒలిచిన రొయ్యల గురించే మాట్లాడారు. వారంలో ఒక్కరోజైనా సమయం ఉంటే పెంకుతో వండి చూడండి. పెంకు మంటకూ కండకూ నడుమ అడ్డుగా నిలిచి, లోపలి భాగం నెమ్మదిగా సమంగా ఉడికేలా చేస్తుంది. పైన మాత్రం కమ్మగా వేగుతుంది. వీపు మీద పెంకును కత్తెరతో చీల్చి పేగు లాగేస్తే, తినేటప్పుడు ఒలవడమూ సులభమవుతుంది. ఒక్కో వైపు అర నిమిషం అదనంగా పడుతుంది. ఒలిచిన పెంకులను పారవేయడం నాకు సహించని విషయం. వాటిని నూనెలో రెండు మూడు నిమిషాలు వేయించి, మునిగేటన్ని నీళ్ళు పోసి 20 నిమిషాలు మరిగించి వడకట్టండి. అస్టాజాంథిన్ నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. ముందుగా నూనెలో వేయిస్తేనే ఆ నారింజ రంగు రసంలోకి దిగుతుంది. వేడిపెనం గారు చెప్పిన నాలుగు చెంచాల నీళ్ళకు బదులు ఈ రసం పోస్తే వంట స్థాయే మారిపోతుంది. ఎక్కువగా చేసి ఫ్రీజర్‌లో దాచుకోవచ్చు.

తలతో ఉన్న తాజా రొయ్యలు కొన్నవారికి ఒక హెచ్చరిక: తలలో ఉండే జీర్ణగ్రంథి ఎంజైములు, రొయ్య చనిపోయిన తరువాత తోక కండలోకి పాకి దాన్ని మెత్తబరుస్తాయి. ఆ రోజే వండకపోతే తలలు తీసేసి మంచు మీద ఉంచండి.

కొత్తచేయి

నాదొక చిన్న ప్రశ్న. అల్లం, నిమ్మరసం పట్టించి ఉదయమే ఫ్రిజ్‌లో పెట్టి వెళితే సాయంత్రానికి పని తగ్గుతుంది కదా?

పాళ్ళు

కొత్తచేయి గారూ, ఆ రెండూ పొద్దుటి నుంచి పట్టించదగినవి కావు. పచ్చి అల్లంలో మాంసకృత్తులను విడగొట్టే ఎంజైమ్ ఉంది. బొప్పాయి, అనాస, కివి పండ్లలోనూ అటువంటివే ఉన్నాయి. రొయ్య కండ సున్నితమైనది గనుక గంటల తరబడి అల్లంలో నానితే పిండిలా విరిగిపోతుంది. నిమ్మలోని ఆమ్లం కండను తెల్లబరచి ఉడికినట్టు కనబడేలా చేస్తుంది, తరువాత వేడి తగిలితే అది పొడిపొడిగా మారుతుంది; పైగా ఆ తెలుపును చూసి సూక్ష్మక్రిములు చచ్చిపోయాయని అనుకోకూడదు. ఉదయమే చేయదగినవి ఒలవడం, పేగు తీయడం, తుడవడం. కావాలంటే కొద్దిగా నూనె, మిరియాల పొడి పట్టించండి. అల్లం వెల్లుల్లితో పాటు పెనంలోకి, నిమ్మ పొయ్యి ఆర్పిన తరువాత.

ఇంగితం

వాసన గురించి ఎవరూ ప్రస్తావించలేదు. పచ్చి రొయ్యకు ఉప్పునీటి వాసన ఉండవచ్చు. అమ్మోనియా ఘాటు వస్తే కడిగి బాగుచేయాలని చూడకుండా పారవేయాలి. పెంకు మీద నల్ల మచ్చలు మాత్రం తప్పనిసరిగా చెడిపోయిన గుర్తు కాదు, అవి రొయ్యలోని ఎంజైముల వల్ల ఏర్పడే మెలనిన్ మచ్చలు. అవి రాకుండా వాడే సల్ఫైట్లు కొందరికి, ముఖ్యంగా ఉబ్బసం ఉన్నవారికి, పడవు. అటువంటివారు లేబుల్ తప్పక చదవాలి. అతిథులకు వండుతున్నప్పుడు రొయ్యల ఎలర్జీ ఉందేమో ముందే అడగండి. ఆ ఎలర్జీకి ప్రధాన కారణమైన ట్రోపోమయోసిన్ అనే మాంసకృత్తు వేడికి నశించదు కాబట్టి బాగా ఉడికించడం ఏ రక్షణా ఇవ్వదు. కొందరికి వండేటప్పుడు లేచే ఆవిరి కూడా ఇబ్బంది కలిగిస్తుంది.

సాయంత్రంవంట

అందరూ ఇంత ఓపికగా వివరించినందుకు కృతజ్ఞతలు. చివరగా రెండు సందేహాలు. ఇదే వంట ఆరుగురికి చేయవలసి వస్తే మిగిలిన పద్ధతంతా అలాగే ఉంచి పాళ్ళు పెంచితే చాలా? మిగిలినదాన్ని మర్నాడు వేడి చేసుకోవచ్చా?

లెక్కలమనిషి

పాళ్ళు పెంచండి, పెనంలో వేసే మోతాదును మాత్రం పెంచకండి. ముప్పావు కిలో నుంచి 900 గ్రాముల రొయ్యలను మూడు నాలుగు విడతలుగా వేయించి వెడల్పాటి పళ్ళెంలో పరచి పెట్టండి, ఒకదాని మీద ఒకటి కుప్పగా పోస్తే ఆ వేడికే ఇంకా ఉడుకుతాయి. ప్రతి విడతకూ ముందు పెనాన్ని తుడిచి, నూనె వేసి, తిరిగి కాగేవరకు ఆగండి. చివరి విడత మడ్డిని మాత్రం తుడవకుండా రసానికి ఉంచుకోండి. రొయ్యలను ఒక పావు నిమిషం ముందుగానే దింపితే, రసంలో తిరిగి కలిపినప్పుడు అన్నీ ఒకే పాకానికి వస్తాయి. ఆలస్యమవుతుందనిపిస్తే రెండు పెనాలు పెట్టుకోవచ్చు గాని, ఒకేసారి రెండింటి మీద కన్నేసి ఉంచడం అలవాటు లేనివారికి నేను ఆ సలహా ఇవ్వను.

మిగిలినవాటిని వండిన రెండు గంటల లోపు ఫ్రిజ్‌లో పెట్టి, రెండు రోజుల్లో తినేయండి. మళ్ళీ పెనం మీద వేడి చేస్తే గట్టిపడతాయి కాబట్టి, చల్లగానే కూరగాయ ముక్కల్లో కలుపుకోవడం మేలు. వేడిగానే కావాలంటే పెంకుపక్షం గారి రసాన్ని మరిగించి, పొయ్యి ఆర్పాక రొయ్యలు అందులో వేసి రెండు నిమిషాలు మూత పెట్టండి. ముందే ఉడికించి గడ్డకట్టించిన గులాబీ రంగు రొయ్యల పొట్లం కొన్నవారు కూడా, వాటి మంచు వీడిన తరువాత, ఇదే పద్ధతి పాటించవచ్చు.